లేఖన ప్రామాణ్యము - మూలప్రతి సమస్య

క్రైస్తవ లేఖనములను గూర్చిన చర్చలో రెండు ప్రశ్నలు తఱచుగా కలసిపోవుచున్నవి. లేఖనము విశ్వాసికి ప్రమాణమా అనునది మొదటిది. అందు ఏ విషయమునను దోషము లేదా అనునది రెండవది. మొదటిదాని నంగీకరించిన వారెల్లరును రెండవదాని నంగీకరింపలేదు.

సంపూర్ణ దోషరాహిత్యవాదమునకు శాస్త్రరూపము నిచ్చినవారిలో అమెరికాదేశపు ప్రిన్స్‌టన్ సంప్రదాయమునకు చెందిన ఎ. ఎ. హాడ్జ్, బి. బి. వార్‌ఫీల్డ్ ముఖ్యులు. 1881లో ప్రకటించిన వ్యాసమున వారు ఈ గుణమును మూలప్రతులకే పరిమితము చేసిరి. 1978 నాటి చికాగో ప్రకటనమును ఈ నియమమునే పాటించి, ప్రతులును అనువాదములును మూలము ననుసరించినంతమేరకు దైవవాక్యములే యనినది. కాని ఆ మూలప్రతులలో నొక్కటియు నేడు లభ్యము కాదు.

కావున ఏ పాఠము మూలమో నిర్ణయింపవలసిన భారము పరిష్కర్తపై బడుచున్నది. 1516లో గ్రీకు నూతన నిబంధనను ప్రకటించిన ఎరాస్మస్, యోహాను మొదటి పత్రిక అయిదవ అధ్యాయమున త్రిత్వమును దెలుపు వాక్యమును, తాను చూచిన గ్రీకు ప్రతులలో లేనందున విడిచెను. 1522 నాటి మూడవ ముద్రణమున చేర్చెను. కవి స్వహస్తలిఖితము లేకయే తాళపత్రప్రతులను పోల్చి పాఠనిర్ణయము చేయు మన పరిశోధకులకు ఈ చిక్కు క్రొత్తది కాదు. విమర్శను నిరోధించునట్లు కనబడు సిద్ధాంతమే విమర్శ నావశ్యకము చేయుట గమనింపదగినది.

స్కాట్లండు వేదాంతి జేమ్స్ ఆర్ 1910లో దైవావేశమును సమర్థించియు, అత్యల్ప వివరములందలి దోషరాహిత్యముపై విశ్వాసమునంతయు నిలుపుట ఆత్మఘాతుకమని వాదించెను. 1965లో రెండవ వాటికన్ మహాసభ, దేవుడు మన రక్షణార్థము లేఖనమున నుంచగోరిన సత్యమును అది దోషరహితముగా బోధించునని చెప్పినది. ఇది దోషరాహిత్యమునకు హద్దు గీయుటయా, లేక దాని ప్రయోజనమును దెలుపుటయా యను విషయమున కథోలిక పండితులలోనే భేదాభిప్రాయములు కలవు.

ప్రతులలోని భేదములు చాలవఱకు స్వల్పములనియు, మూలపాఠమును అధికభాగము పునరుద్ధరింపవచ్చుననియు దోషరాహిత్యవాదుల సమాధానము. అది త్రోసివేయదగినది కాదు. అయినను ఆ సమాధానమునందే వేఱొక యంగీకారమును కలదు. లేఖకుల ప్రమాదములు చేరిన ప్రతియే శతాబ్దులుగా విశ్వాసులకు ప్రమాణమై నిలిచినదన్నచో, ఆ ప్రామాణ్యము సంపూర్ణ దోషరాహిత్యముపై మాత్రమే యాధారపడియుండలేదని యొప్పుకొనవలయును. మూలము నిర్దోషమని నమ్మువారికిని, చేతనున్న గ్రంథము ప్రమాణ మెట్లగుచున్నదో వేఱుగా నిరూపింపవలసిన బాధ్యత తప్పదు.