సమాంతర స్పర్శరేఖ దొరికిన తర్వాత

ఇంటర్‌లో గణితం చదివిన వాళ్లకు ఈ లెక్క గుర్తుండే ఉంటుంది. వై = ఎక్స్² అనే పరావలయం మీద ఏ బిందువు దగ్గర స్పర్శరేఖ, వై = 2ఎక్స్ + 3 అనే సరళరేఖకు సమాంతరంగా ఉంటుంది? సమాంతర రేఖల వాలు ఒకటే. వక్రం వాలు, అంటే అవకలజం, 2ఎక్స్. దాన్ని 2తో సమానం చేస్తే ఎక్స్ = 1. బిందువు (1, 1). మార్కులు పడిపోయాయి. అక్కడే పేజీ తిప్పేస్తుంటే నాకు ప్రాణం ఉసూరుమంటుంది. అసలు అందమంతా ఆ తర్వాతే ఉంది.

ఇచ్చిన రేఖ ఈ పరావలయాన్ని ఎక్స్ = −1 దగ్గర, ఎక్స్ = 3 దగ్గర ఖండిస్తుంది. వాటికి సరిగ్గా నడిమి విలువ 1. ఇది కాకతాళీయం కాదు. వాలు మార్చకుండా రేఖను కిందికి జరపండి: వై = 2ఎక్స్ + సి. ఖండన బిందువులు ఎక్స్² − 2ఎక్స్ − సి = 0 మూలాల దగ్గర వస్తాయి. సి ఎంతైనా ఆ మూలాల మొత్తం 2 కాబట్టి, జ్యా మధ్యబిందువు ఎప్పుడూ ఎక్స్ = 1 మీదే ఉంటుంది. రేఖ దిగేకొద్దీ రెండు బిందువులూ దగ్గరవుతూ వచ్చి, సి = −1 కాగానే ఒకటైపోతాయి. విచక్షణి సున్నా అయింది, రేఖ స్పర్శరేఖ అయింది.

అవకలజం అనే ఊహే లేని క్రీ.పూ. 3వ శతాబ్దంలో, సిరక్యూస్‌లో ఆర్కిమెడీస్‌కు ఈ సంగతి తెలుసు. పరావలయ ఖండం వైశాల్యం మీద రాసి దోసితియస్‌కు పంపిన గ్రంథంలో, జ్యా మధ్యబిందువు నుంచి అక్షానికి సమాంతరంగా వెళ్తే సమాంతర స్పర్శరేఖ తాకే బిందువు దొరుకుతుందన్న విషయాన్ని ముందువాళ్లు నిరూపించినదిగానే ఎత్తుకున్నాడు. దానితో ఏం చేశాడన్నదే గొప్ప. ఖండంలో జ్యాకు అన్నిటికంటే దూరంగా ఉన్న బిందువు అదే. అందుకే జ్యా రెండు కొసలనూ దానితో కలిపి త్రిభుజం గీశాడు. మన లెక్కలో దాని వైశాల్యం 8. పక్కల మిగిలిన రెండు ముక్కల్లోనూ అలాగే గీస్తే ఒక్కో త్రిభుజం 1, రెండూ కలిసి 2, అంటే మొదటిదానిలో నాలుగోవంతు. ఆ తర్వాతి నాలుగు కలిసి మళ్లీ అందులో నాలుగోవంతు. ఇలా పోగుచేస్తూ పోతే ఖండం వైశాల్యం మొదటి త్రిభుజానికి 4/3 రెట్లు: 32/3. ఇవాళ సమాకలనం చేసినా అంతే వస్తుంది.

ఘన వక్రాల దగ్గర ఈ మధ్యబిందువు ఉపాయం పారదు. 1630లలో ఫెర్మా స్పర్శరేఖలకు బీజగణిత మార్గం వేశాడు, 1684లో లైబ్నిట్జ్ అవకలన సూత్రాలు ప్రచురించాడు. దాంతో వక్రం ఏదైనా ఒకే పద్ధతి చాలింది. నునుపైన వక్రానికి జ్యా గీస్తే, దాని కొసల మధ్య సమాంతర స్పర్శరేఖ ఉండే బిందువు కనీసం ఒక్కటైనా ఉండి తీరుతుందని లెగ్రాంజ్ మధ్యమ మూల్య సిద్ధాంతం భరోసా ఇస్తుంది.

అయినా కళ్లు మూసుకుని వాలులు సమానం చేస్తే సరిపోదు. వై = ఎక్స్³ మీద, వై = 3ఎక్స్ − 2కి సమాంతరమైన స్పర్శరేఖ అడిగారనుకోండి. 3ఎక్స్² = 3 కాబట్టి ఎక్స్ = 1 లేదా −1. కానీ (1, 1) దగ్గర వచ్చే స్పర్శరేఖ ఇచ్చిన రేఖే! ఒకే రేఖ తనకు తాను సమాంతరం కాదనుకుంటే, మిగిలే జవాబు (−1, −1) ఒక్కటే.