గొర్రెపిల్లతో పాటు కుక్కపిల్ల

మంద కాసే కుక్కను మందే తయారు చేస్తుంది. కూర్చో, లే, పట్టుకో అని మాటలు నేర్పి తీర్చిదిద్దే కుక్క కాదది. మూడో వారం నుంచి నాలుగో నెల దాకా ఎవరి మధ్య తిరిగిందో, ఎవరి వాసన పీల్చుకుంటూ నిద్రపోయిందో వాళ్లనే అది బతికినంత కాలం తన వాళ్లనుకుంటుంది. ఆ రోజులు గొర్రెల మధ్య గడిస్తే గొర్రెలే దాని బలగం. ఇంటి అరుగు మీద పిల్లల చేతుల్లో గడిస్తే మనుషులే బలగం. అలా పెరిగిన కుక్కను తర్వాత ఎంత తాడేసి మంద దగ్గర కట్టినా దాని చెవులు ఊరి వైపే ఉంటాయి. తెలంగాణలోని పాలకుర్తి, దేవరుప్పుల, కొడకండ్ల వైపు కురుమలూ గొల్లలూ తరాలుగా నడిపిన కుక్కల పెంపకానికి ఆధారం ఇదే.

ఈ పెంపకానికి కాలం కూడా కలిసొచ్చింది. చిత్తకార్తె వచ్చేది అక్టోబరు రెండు, మూడు వారాల్లో. అది ఊరకుక్కలు జతకట్టే కాలమని పల్లెల్లో పసిపిల్లలకూ తెలుసు. కుక్క కడుపుతో ఉండేది 63 రోజులు. అంటే డిసెంబరు సగం దాటేసరికి పిల్లలు పుడతాయి. ఇక గొర్రెల సంగతి. తొలకరికి పచ్చిక లేచి జీవాలు ఒళ్లు చేసే జూన్, జులై నెలల్లో పొట్టేలుకు కలిసిన గొర్రెలు ఐదు నెలలు మోసి నవంబరు, డిసెంబరులో ఈనుతాయి. రెండు జాతుల పసికూనలూ ఒకే చలికాలంలో నేల మీద పడతాయి. సంక్రాంతికి కుక్కపిల్లలు తప్పటడుగులు వేస్తుంటాయి. సంక్రాంతి దాటిన ఆదివారం నుంచి ఉగాది దాకా కొమురవెల్లిలో మల్లన్న జాతర సాగుతుంది. సరిగ్గా ఆ వారాల్లోనే కుక్కపిల్ల మనసు కుదురుకునేది. పాలకుర్తి గుట్ట మీద సోమేశ్వరుడికి శివరాత్రి ఉత్సవం జరిగేనాటికి దానికి ఎనిమిది, పది వారాలు నిండుతాయి. తల్లి పాలు మానిపించి మందలో విడవడానికి తగిన వయసు అది. కాపరుల పండుగలూ కుక్కపిల్ల ఎదుగుదలా ఇలా పక్కపక్కనే నడవడం నాకు ఎంతో ముచ్చటగా అనిపిస్తుంది. మల్లన్న, మైలారుడు, ఖండోబా ఒకే సంప్రదాయానికి చెందిన దేవుళ్లు. మహారాష్ట్రలోని ఖండోబా పటాల్లో గుర్రం కాళ్ల దగ్గర కుక్క కనిపిస్తుంది. కాపరుల దేవుడి పక్కన కుక్కకు చోటు దొరికిందంటే దాని పని విలువ వాళ్లకు తెలిసే.

పిల్లను ఎంచేటప్పుడు చూడవలసింది తల్లిని. తల్లి మంద దగ్గర ఉండే కుక్కేనా, కొత్త మనిషిని చూసి మొరిగి తన చోటు వదలకుండా నిలబడుతుందా, లేక కనిపించిన ప్రతిదాని వెంటా పరిగెత్తుతుందా అన్నదే అసలు పరీక్ష. ఈతలో అందరికంటే పెద్దపిల్ల, అందరినీ తోసి పాలు తాగే పిల్ల ముందుగా కళ్లబడుతుంది కానీ అది మందకు పనికొస్తుందన్న హామీ లేదు. సత్తు గిన్నె కింద పడ్డ చప్పుడుకు ఒక్కసారి ఉలిక్కిపడి, మళ్లీ తానే వచ్చి వాసన చూసే పిల్ల మేలు. కోడిని చూడగానే ఒళ్లు వంచి పొంచే పిల్లను వదిలేయడమే మంచిది.

ఆ పొంచడంలోనే కుక్కల పనులన్నిటి మూలమూ ఉంది. వేటాడే జంతువు చేసే పని ఒక వరుసలో సాగుతుంది: చూపు నిలపడం, పొంచడం, తరమడం, పట్టడం, చంపడం. మనిషి వేల ఏళ్లుగా ఈ వరుసలో తనకు కావలసిన ముక్కను పెంచి, అక్కర్లేనిదాన్ని తగ్గిస్తూ వచ్చాడు. స్కాట్లాండ్ సరిహద్దుల్లోని కోలీ కుక్కలో చూపు, పొంచడం, తరమడం బలంగా ఉన్నాయి. అందుకే అది గొర్రెలను కదిలించి, మలిపి, దొడ్డిలోకి తోలుతుంది. ఇంగ్లండ్ టెర్రియర్‌లో పట్టడం, విదిలించడం బలం. బొరియలో దూరి నక్కకు ఎదురు నిలిచే కుక్క అది. మంద కాసే కుక్కలో ఈ వరుస మొత్తం నిద్రపోవాలి. మన దగ్గర మందను తోలేది కాపరి ఈలా, అదిలింపూ, చేతి కర్రా. కుక్క పని మందతో ఉండటం, అంతే. ఊరకుక్క రక్తంలో ఈ వరుస కాస్త కాస్త మిగిలే ఉంటుంది కాబట్టి పెంపకం మీద ఇంత భారం పడుతుంది.

పెంపకం అంటే చేతులు కట్టుకుని కూర్చోవడం అనుకోకూడదు. తడకలతో కట్టిన దడిలో గొర్రెపిల్లలనూ, నెమ్మదైన ఒకటి రెండు ముసలి గొర్రెలనూ ఉంచి అందులో కుక్కపిల్లను విడుస్తారు. గొర్రె తల దించి కుమ్ముతుంది. కుమ్మాలి కూడా, గొర్రెకు మర్యాద ఇవ్వడం పిల్ల అక్కడే నేర్చుకుంటుంది. అయితే దెబ్బ తగిలి బెదిరిపోకుండా తప్పించుకోవడానికి దడి మూలన తాను మాత్రమే దూరగల సందు ఒకటి ఉండాలి. పడుకోవడానికి పాత గొంగడి ముక్క వేస్తే సరిపోతుంది. ఉన్ని వాసన దానికి ఇంటి వాసన అవుతుంది. 1833లో దక్షిణ అమెరికాలోని నేటి ఉరుగ్వే ప్రాంతంలో తిరిగిన చార్లెస్ డార్విన్ అచ్చంగా ఇలాంటి పెంపకాన్నే చూసి రాశాడు. అక్కడి కాపరులు కుక్కపిల్లను చిన్నప్పుడే తల్లి నుంచి వేరు చేసి, రోజుకు మూడు నాలుగు సార్లు గొర్రె పాలు తాగించి, దొడ్డిలో ఉన్నితో గూడు కట్టి పడుకోబెట్టేవాళ్లట. తోటి కుక్కలతో గానీ, ఇంటి పిల్లలతో గానీ కలవనిచ్చేవాళ్లు కాదట. సముద్రాల అవతలి కాపరులకూ మన కురుమలకూ ఏ పరిచయమూ లేదు. గొర్రెనూ కుక్కనూ దగ్గరగా చూసిన వాళ్లందరూ ఒకేచోటికి చేరుకున్నారు.

శాస్త్రం ఈ మాటకు ఆలస్యంగా వచ్చింది. అమెరికాలోని బార్ హార్బర్‌లో కుక్కల మీద ఏళ్ల తరబడి పరిశోధించిన జాన్ పాల్ స్కాట్, జాన్ ఫుల్లర్ 1965లో అచ్చయిన తమ పుస్తకంలో, మూడో వారం నుంచి పన్నెండో వారం వరకు కుక్కపిల్ల చుట్టూ ఉన్నవాళ్లతో బంధం ముడివేసుకునే కీలక కాలమని తేల్చారు. తర్వాత రేమండ్, లోర్నా కాపింజర్ దంపతులు హాంప్‌షైర్ కాలేజీ నుంచి వందలాది కాపలా కుక్కలను అమెరికా రైతులకు ఇచ్చి గమనించి, మందలో పెరగడమే అన్నిటికంటే ముఖ్యమన్నారు.

మనిషి చేయి అసలు తగలకూడదని కాదు. టీకా వేయడానికి పట్టుకోనివ్వాలి, కాలిలో తుమ్మముల్లు దిగితే తీయనివ్వాలి, పిలిస్తే రావాలి. అంతవరకు చాలు. చంకనెత్తుకోవడం, ఇంటికి తీసుకుపోయి ఆడించడం మొదలుపెడితే కాపలా కుక్క చేజారినట్టే. తిండి కూడా మందలోనే పెట్టాలి. గట్క, మజ్జిగ కలిపిన అన్నం, అప్పుడప్పుడు ఉడికించిన మాంసం ముక్క. మంద సాయంత్రం దొడ్డికి చేరాక పెడితే కుక్క కూడా జీవాలతో పాటే చేరుతుంది. చెవులు కోసే అలవాటు కొన్నిచోట్ల ఇంకా ఉంది. ఆ నొప్పి వల్ల కుక్కకు ధైర్యం రాదు. చెవులు ఏ వైపు తిరిగాయో చూసి ఏ దిక్కున అలికిడి అయిందో కాపరి పసిగడతాడు. ఆ చెవులనే కోసేస్తే నష్టం ఆయనకే.

అసలు కష్టం ఆరో నెల దాటాక మొదలవుతుంది. అప్పటికి పాలపళ్లు ఊడి గట్టిపళ్లు వచ్చేసి ఉంటాయి, ఒంట్లో బలం పొంగుతుంది, బుద్ధి మాత్రం ఇంకా పసిదే. గొర్రెపిల్లను ఆట కోసం తరుముతుంది, చెవి పట్టి లాగుతుంది, ఉన్ని పీకుతుంది. చాలామంది కాపరులు ఓపిక పోగొట్టుకుని కుక్కను తరిమేసేది ఈ వయసులోనే. మంచి కుక్కలు ఎక్కువగా పోయేదీ ఇక్కడే అని నా నమ్మకం. ఈ దశలో దాన్ని పిల్లల దగ్గరి నుంచి తీసి పెద్ద గొర్రెల్లో, పొట్టేళ్లలో వేయాలి. పొట్టేలు ఆట పట్టించుకోదు, ఒక్క కుమ్ముతో సంగతి తేల్చేస్తుంది. దొంగ గొడ్డుకు కట్టినట్టే మెడకు గుదికర్ర కట్టడం ఇంకో ఉపాయం. ముందు మోకాళ్లకు తగిలేలా వేలాడితే నడక సాగుతుంది, పరుగు సాగదు. తప్పు చేస్తున్న క్షణంలో గట్టిగా అదిలించాలి. గంట తర్వాత కొడితే ఎందుకు కొట్టారో దానికి అర్థం కాదు. ఏడాదిన్నర, రెండేళ్లు నిండితే గానీ కుక్క పూర్తిగా కుదురుకోదు.

తొందరపడకూడదన్న సూత్రం టెర్రియర్ల వాళ్లదీ. జాక్ రస్సెల్ జాతికి పేరు ఇచ్చిన ఫాదరీ జాన్ రస్సెల్ 1819లో ఆక్స్‌ఫర్డ్ దగ్గర ఒక పాలవాడి నుంచి కొన్న ట్రంప్ అనే ఆడకుక్కతో మొదలైన సంప్రదాయంలో, ఏడాది నిండని పిల్లను బొరియలోకి దింపకూడదని అనుభవజ్ఞులు చెబుతారు. లేతవయసులో ఒక్కసారి దెబ్బతిని బెదిరిన కుక్క మళ్లీ ఎప్పటికీ నిలబడదు. మంద దగ్గరా అంతే. లేత కుక్కను తోడేలు ఎదుట ఒంటరిగా వదిలితే అది ప్రాణం పోగొట్టుకుంటుంది, లేదంటే ధైర్యం పోగొట్టుకుంటుంది. అందుకే తొలి రాత్రులు ముసలి కుక్క పక్కన గడవాలి. పెద్దది ఎప్పుడు మొరుగుతుందో, ఎప్పుడు ఊరుకుంటుందో చూసి చిన్నది పట్టుకుంటుంది. లేత కుక్క మొరిగిన ప్రతిసారీ కాపరి లేచి టార్చి వేసి చూడటం కూడా ఈ చదువులో భాగమే. తన మాటకు మనిషి లేస్తున్నాడని తెలిసిన కుక్కకు ధైర్యం పెరుగుతుంది.

తోడేళ్లు ఒక్కోసారి జట్టుగా వస్తాయి. ఒకటి కనిపించి కుక్కను దూరం లాగితే ఇంకోటి వెనక నుంచి పిల్లను ఎత్తుకుపోతుంది. కాబట్టి ఒక్క కుక్క చాలదు, రెండు మూడు ఉండాలి. ఒకటి ముందుకు పోయినా ఇంకోటి మందను అంటిపెట్టుకునే ఉంటుంది. కుక్క గెలవాల్సింది కొట్లాటలో కాదు. మొరిగి, అడ్డం తిరిగి, వచ్చిన జంతువు పని చెడగొట్టడమే దాని పని. భూపాలపల్లి అడవుల వైపు మంద తోలుకుపోతే లెక్క మారుతుంది. చిరుతకు కుక్క ఇష్టమైన ఆహారం. అక్కడ రాత్రిపూట కుక్కను దడి బయట కాపలా ఉంచడం దాన్ని ఎర వేయడమే. మంట దగ్గర, మనుషుల పక్కన ఉంచి దాని ముక్కునూ చెవులనూ వాడుకోవాలి.

ఇలాంటి కుక్క తోడేలు ప్రాణం కూడా కాపాడుతుంది. నమీబియాలో చీతాల పరిరక్షణ సంస్థ 1994 నుంచి రైతులకు టర్కీ మూలాలున్న అనటోలియన్ కాపలా కుక్కలను ఇస్తోంది. మంద క్షేమంగా ఉంటే రైతు చీతాను కాల్చడు. మన దగ్గర తోడేలు 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంలో మొదటి షెడ్యూలులో ఉంది. విషం పెట్టి చంపితే నేరం, పైగా ఆ విషం తిని ముందు చచ్చేది మన కుక్కే. కుందేళ్ల మీదికీ ఉడుముల మీదికీ కుక్కలను ఉసిగొల్పే కుర్రాళ్లు కూడా ఇది ఆలోచించాలి. అదీ అదే చట్టం కింద నేరమే. కాపరి వైపు నుంచి చూస్తే నష్టం ఇంకా పెద్దది. కుందేలు వెంట పరుగు రుచి మరిగిన కుక్క రేపు గొర్రెపిల్ల వెంటా అదే పరుగు తీస్తుంది.

జబ్బుల మాట చెప్పకుండా కుక్కల పెంపకం గురించి మాట్లాడటం తప్పు. గొర్రె తల ఒక పక్కకు వాల్చి, ఉన్నచోటే గుండ్రంగా తిరుగుతూ కూలిపోవడం కాపరులకు తెలిసిన బాధే. దాని మెదడులో నీటితిత్తి ఉంటుంది. చచ్చిన ఆ గొర్రె తలను కుక్కకు వేస్తే తిత్తిలోని పురుగు కుక్క పేగుల్లో బద్దెపురుగుగా పెరుగుతుంది. దాని గుడ్లు కుక్క పెంటతో గడ్డి మీద పడి మళ్లీ గొర్రె కడుపులోకి చేరతాయి. ఇంకో రకం బద్దెపురుగు మనిషి కాలేయంలోనూ ఊపిరితిత్తుల్లోనూ తిత్తులు పెడుతుంది. తలనూ లోపలి అవయవాలనూ పచ్చిగా వేయకుండా లోతుగా పూడ్చడం, కుక్కకు మూడు నెలలకోసారి బద్దెపురుగుల మందు వేయడం, ఈ రెండూ చేస్తే చక్రం తెగుతుంది. పిల్లకు రెండో వారం నుంచి నట్టల మందు, ఆరు నుంచి ఎనిమిది వారాల మధ్య పార్వో, డిస్టెంపర్ టీకాల మొదటి విడత, మూడో నెలలో రేబిస్ టీకా, తర్వాత ఏటా మళ్లీ రేబిస్ టీకా పడాలి. పిల్లలు కలగకుండా ఆపరేషన్ చేయిస్తే కుక్క చిత్తకార్తెలో మందను వదిలి ఊళ్లు తిరగదు. డార్విన్ చూసిన కాపరులు మగపిల్లలకు ఈ పని అప్పట్లోనే చేసేవాళ్లు.

2019 పశుగణనలో సుమారు 1.9 కోట్ల గొర్రెలతో తెలంగాణ దేశంలో మొదటి స్థానంలో నిలిచింది. 2017 జూన్‌లో మొదలైన పంపిణీ పథకం కింద 75 శాతం సబ్సిడీతో 20 గొర్రెలు, ఒక పొట్టేలు యూనిట్‌గా ఇచ్చారు. గొర్రెలు వేరే రాష్ట్రాల నుంచి లారీల్లో వచ్చాయి. వాటిని కాసే కుక్క గురించి మాత్రం ఆ యూనిట్‌లో ఒక్క మాట లేదు. కుక్కే కాదు, మందకు మేత భూమి కూడా కావాలి; భూమి కోసం పోరాటం చూసిన నేల ఇది. 1946 జులై 4న దొర మనుషుల తూటాకు కడవెండిలో నేలకొరిగిన దొడ్డి కొమురయ్య కురుమ బిడ్డ. పాలకుర్తిలో తన పొలం కోసం నిలబడిన చాకలి ఐలమ్మదీ ఈ నేలే. భూమి కోసం అంత పోరాడిన ఈ గడ్డ మీద మందలు మేసే బంచరాయి భూములు తరిగిపోతుంటే, మంద ఊరికి దగ్గరై, కుక్క పని మరుగున పడి, పిల్లను మందలో పెంచే ఓపికా తగ్గిపోతోంది.

ఇది చక్కదిద్దడానికి పెద్ద ఖర్చేమీ లేదు. జీవాలకు నట్టల మందు తాగించడానికి పశువైద్య సిబ్బంది ఊరికి వచ్చిన రోజునే మందకు రెండు కుక్కల చొప్పున రేబిస్ టీకా వేసి, బద్దెపురుగుల మందు ఇవ్వవచ్చు. గొర్రెల పెంపకందారుల సహకార సంఘాలు తమ ఊళ్లో ఏ మంద దగ్గర నెమ్మదైన ఆడకుక్క ఉందో రాసి పెట్టుకుని, డిసెంబరులో అది ఈని, పిల్లలు పాలు మానాక వాటిని కుక్క లేని మందలకు చేరవేయవచ్చు. ఈ చిత్తకార్తెకు ముందే ఆ పేర్లు రాయడం మొదలుపెడితే వచ్చే శివరాత్రికి పిల్లలు మందలో ఉంటాయి.