స్వతంత్రకర్తృత్వము: జేకబ్ కాలియర్ గానరచనల విమర్శనము

వాక్కును గేయమును దానే కూర్చువాఁడు వాగ్గేయకారుఁ డని శార్‌ఙ్గదేవుఁడు సంగీతరత్నాకరమునందలి ప్రకీర్ణకాధ్యాయమున లక్షణము చెప్పినాఁడు. అందు వాక్కునకు మాతువనియు, గేయమునకు ధాతువనియుఁ బేళ్లు. అన్నమాచార్యుఁడు, క్షేత్రయ్య, త్యాగరాజు మున్నగువా రీ లక్షణమునకు మన యెఱిఁగిన లక్ష్యములు. ఇటీవలి కాలమునఁ బాశ్చాత్యదేశములందు మాతుధాతువులనే కాక, వాద్యవాదనమును, ధ్వనిముద్రణమును గూడ నొక్కఁడే నిర్వహించు గాయకులు పలువురు బయలుదేఱిరి. వీరిని లోకము స్వతంత్రగాయకు లని వ్యవహరించుచున్నది. ఈ స్వతంత్రశబ్దమున కర్థమేమి? ఎన్ని వాద్యములు వాయించినవాఁడు స్వతంత్రుఁ డగును? పరుల తోడ్పాటును గైకొన్నచో స్వాతంత్ర్యము నశించునా? లండను నగరవాసి యగు జేకబ్ కాలియర్ రచనల నాధారముగాఁ గొని యీ ప్రశ్నలను విచారింపఁదలఁచితిని.

పాప్ సంగీతము పండితుల విచారమునకుఁ దగినదా యని కొందఱు శంకింతురు. లక్షణము లక్ష్యము ననుసరించునది. క్రొత్త లక్ష్యము పుట్టినప్పుడు పూర్వలక్షణము దానికి వ్యాపించునా, వ్యాపింపదా యని చూడకుండుట శాస్త్రజ్ఞునకు లోపము. లోకమునకుఁ బ్రియమైన దను కారణమున లక్ష్యమును ద్రోసివేయుట శాస్త్రసమ్మతము గాదు. క్షేత్రయ్య పదములను సైతము భోగస్త్రీల గానమని యుపేక్షించినవా రొకప్పుడు లేకపోలేదు.

కాలియర్ 1994వ సంవత్సరము ఆగస్టు 2వ తేదీన జన్మించెను. తల్లి సూజీ కాలియర్ వయొలిన్ విదుషి, వాద్యబృందనిర్వాహకురాలు. రాయల్ అకాడెమీ ఆఫ్ మ్యూజిక్ అను విద్యాలయమున బోధించినది. మాతామహుఁడును వయొలిన్ విద్వాంసుఁడే. ఉత్తరలండనులోని ఫించ్లీ యందలి స్వగృహమున నొక గదియే యీ బాలునకు గురుకులమును, రంగస్థలమును నయ్యెను. 2011 మొదలుకొని యాతఁడు యూట్యూబునఁ దన పాటలను వెలువరింపసాగెను. ఆ చిత్రములలోఁ దెర పలుఖండములుగా విభక్తమై యుండును. ఒక్కొక్క ఖండమున నొక్కొక్క వాద్యముతోనో, యొక్కొక్క గాత్రస్థాయితోనో కనఁబడువాఁడు కాలియరే. 2013లో స్టీవీ వండర్ రచించిన 'డోంట్ యూ వర్రీ బౌట్ ఎ థింగ్' అను పాట నీ విధమునఁ బాడి వెలువరింపఁగా, నమెరికాదేశపు సంగీతనిర్మాత క్విన్సీ జోన్స్ (1933-2024) దానిని జూచి యాతనిఁ జేరఁదీసెను. ఎం.ఐ.టి. మీడియా ల్యాబునకుఁ జెందిన బెన్ బ్లూంబర్గు తోడ్పాటుతో, మీటలు నొక్కినకొలఁది తన యొక్క కంఠమే పలుకంఠములై వినఁబడు యంత్రమును సిద్ధము చేసికొని, 2015లో వాద్యముల నడుమ నొంటరిగా నిలిచి సభలలోఁ బాడెను. 2016లో 'ఇన్ మై రూమ్' అను తొలి సంపుటము వెలువడెను. అందలి గాత్రము, వాద్యములు, సంయోజనము, ముద్రణము సమస్తమును ఆ గదిలో నాతఁ డొనర్చినవే.

ఒక్కఁడే పలువాద్యములను ముద్రించుట కాలియరుతో మొదలైనది గాదు. 1941లోనే సిడ్నీ బెషె యాఱు వాద్యములను వేఱువేఱుగ వాయించి యొక్క పాటగాఁ గూర్చెను. 1970లో బీటిల్స్ గాయకుఁడు పాల్ మెకార్ట్నీ, 1972లో స్టీవీ వండర్, 1978లో ప్రిన్స్ ఈ మార్గమున సంపుటములనే వెలువరించిరి. ఈ పరంపరను జూచి, పరాపేక్ష లేక సర్వమును దానే చేయువాఁడే స్వతంత్రుఁ డని యొక పూర్వపక్షము. పెద్దసంస్థల యాజ్ఞకు లోఁబడక సొంతముద్రపైఁ బాటలు ప్రకటించువాఁడు స్వతంత్రుఁ డని మఱియొకటి. కాలియరునకు హజాంగా యను సొంతముద్ర కలదు. అయినను డెక్కా వంటి పెద్దసంస్థల తోడ్పాటును గలదు. మొదటి పక్షమున 2016 నాఁటి కాలియర్ స్వతంత్రుఁడు, తరువాతివాఁడు కాఁడు. రెండవ పక్షమున నాతఁడు సగమే స్వతంత్రుఁడు. రెండును నాకు సమ్మతములు గావు.

ఇచటఁ బాణిని మనకు దారి చూపును. కారకప్రకరణమున నాతఁడు కర్తను స్వతంత్రుఁ డనియు, కరణమును క్రియాసిద్ధియందు మిక్కిలి యుపకరించున దనియు నిర్వచించెను. దేవదత్తుఁడు వండుచున్నాఁ డన్నచోఁ గట్టెలు మండుచున్నవి, కుండ బియ్యమును ధరించుచున్నది. మండుటయందుఁ గట్టెలకును, ధరించుటయందుఁ గుండకును స్వాతంత్ర్యము కలదు గదా, యవియుఁ గర్తలు కావలదా యని శంక. దీనికి భాష్యకారుఁడు రాజామాత్యుల దృష్టాంతమును జూపెను. అమాత్యులు విడిగా నున్నప్పుడు స్వతంత్రులు, రాజసన్నిధియందుఁ బరతంత్రులు. అట్లే ప్రధానకర్త సన్నిధియందుఁ దక్కిన కారకములు పరతంత్రము లగును. కాఁబట్టి స్వాతంత్ర్య మనఁగా సహాయము లేకుండుట గాదు. కూడియున్నవాని వ్యాపారము లన్నియుఁ దన వ్యాపారమున కధీనములై యుండుట. కట్టెలు లేక వండఁబూనువాఁడు స్వతంత్రుఁడు గాఁడు; వాఁడు వండనే లేఁడు.

ఈ నిర్వచనముతోఁ బరీక్షించినచోఁ దొలి సంపుటమే సర్వస్వతంత్రమని చెప్పుటకు వీలులేదు. కత్తి చక్కఁగాఁ గోయుచున్న దన్నప్పుడు కరణమే కర్తగా వివక్షింపఁబడును. 'ఇన్ మై రూమ్' నందుఁ గొన్నియెడల నట్టి వివక్షయే తోఁచును. లయ వెంటనే మఱియొక లయ, స్వరగుచ్ఛము వెంటనే మఱియొక స్వరగుచ్ఛము వచ్చి, శ్రోత పాటను మఱచి నైపుణ్యమును లెక్కించును. అచటఁ గాలియర్ పాడుటలేదు. వాద్యములే కాలియరుచేఁ బాడించుకొనుచున్నవి. అదే సంపుటమున 'హైడవే' యను పాట దీనికిఁ బ్రత్యుదాహరణము. ఒదిగియుండుటకుఁ జోటు కావలయునను చిన్న భావమది. గిటారుతో మెల్లఁగా మొదలై, నడుమ విస్తరించిన యా ధాతువు మాతువును గప్పివేయదు. వాద్యము లెన్నియున్నను గర్త యొక్కఁడే కనఁబడును.

మఱియొక విషయము విచారింపవలసి యున్నది. కాలియర్ తన సంపుటములనుండి గ్రామీ బహుమానములు పొందిన పాట లాఱు. 2017లో 'ఫ్లింట్‌స్టోన్స్', 'యూ అండ్ ఐ'. 2020లో 'ఆల్ నైట్ లాంగ్', 'మూన్ రివర్'. 2021లో 'హీ వోంట్ హోల్డ్ యూ'. 2025లో 'బ్రిడ్జ్ ఓవర్ ట్రబుల్డ్ వాటర్'. వీనిలో 'హీ వోంట్ హోల్డ్ యూ' యొక్కటే యాతని సొంతరచన. 'ఫ్లింట్‌స్టోన్స్' పిల్లల బొమ్మలకథకుఁ గట్టిన పాట. తక్కినవి వండర్, లయొనెల్ రిచీ, హెన్రీ మాన్సీనీ, పాల్ సైమన్ కూర్చినవి. అన్నియు సంయోజనమునకు, ననఁగాఁ బాటకు స్వరవస్త్రములు దొడుగుటకు, నీయఁబడిన బహుమానములు.

అన్యులు కూర్చిన ధాతువునకు మాతువును జేర్చువానిని శార్‌ఙ్గదేవుఁడు కుట్టికారుఁ డనెను. కాలియర్ ఇచట మాతువునుగాని ధాతువునుగాని క్రొత్తగాఁ జేర్చలేదు. కావునఁ గుట్టికారుఁడును గాఁడు. ఒకేసమయమునఁ బలుస్వరములను బలికించు హార్మొనీ పద్ధతి మన శాస్త్రమునఁ బ్రధానాంశము గాకుండుటచే, దానిని నిర్మించువానికి మనలోఁ బేరు లేదు. నే నాతనిని వ్యాఖ్యాత యందును. సూత్రమును మార్చక యందు గూఢముగా నున్న యర్థమును వెలికిఁ దీయుట వ్యాఖ్యాత పని. 'మూన్ రివర్' నందలి సుపరిచితమైన వరుస యట్లే యుండఁగా, దానిక్రింది స్వరము లడుగడుగునకు మాఱి, వరుసయందు మనము వినని దుఃఖమును, వింతవెలుఁగును జూపును. వ్యాఖ్యాత తక్కువవాఁ డని తలఁపరాదు. మునిత్రయమున నుత్తరోత్తరునకుఁ బ్రామాణ్య మధికమని వైయాకరణుల సంప్రదాయము గదా.

ఈ వ్యాఖ్యాననైపుణ్యమునకుఁ బరాకాష్ఠ 'ఇన్ ద బ్లీక్ మిడ్‌వింటర్' అను క్రిస్టమస్ గీతము. కేవలకంఠములతోఁ గూర్చిన యా పాటలో నాతఁ డాధారశ్రుతిని మార్చి, పాశ్చాత్యుల 'జి' స్వరమునకును దాని తీవ్రరూపమునకును నడిమి స్థానమునకుఁ జేర్చును. పియానో మెట్లలో నా స్థానము లేదు, కంఠమునకుఁ గలదు. ఇరువదిరెండు శ్రుతులను జర్చించు మనకు సూక్ష్మస్వర మపూర్వము గాదు. కాని మనము షడ్జమును గదలింపక తక్కిన స్వరములను సూక్ష్మముగా నడపుదుము. ఈతఁడు షడ్జమునే సూక్ష్మస్థానమునకుఁ గదల్చెను. మాఱిన దని చెవి యెఱుఁగకుండఁ జేర్చుటలోఁ గలదు విశేషము.

తరువాత నాతఁడు 'జెస్సీ' యను చతుస్సంపుటగ్రంథమునకుఁ బూనుకొనెను. ఆ పేరు తన నామాద్యక్షరముల యుచ్చారణమునుండి పుట్టినది. సంపుటములు వరుసగా 2018, 2019, 2020, 2024 సంవత్సరములలో వెలువడెను. మొదటిదానఁ బ్రధానమైనది నెదర్లాండ్స్ దేశపు మెట్రోపోల్ వాద్యబృందము, రెండవది చిన్నవాద్యములు, జానపదరీతులు గలది, మూఁడవది విద్యుద్ధ్వనిప్రధానము, నాల్గవది గాత్రప్రధానము. మొరాకో గాయకుఁడు హమీద్ ఎల్ కస్రీ, మాలీ గాయని ఊమూ సంగరే మొదలు పలుదేశములవా రిందుఁ బాడిరి. గదిలో నొంటరిగాఁ బాడినవాఁ డిపుడు లోకమును బిలిచెను. స్వాతంత్ర్యము పోయినదా?

పోలేదు, మాఱినది. పాణిని స్వతంత్రునిఁ జెప్పిన వెంటనే, యా స్వతంత్రునిఁ బ్రేరేపించువాఁడును గర్తయే యని చెప్పెను. ఆతఁడే ప్రయోజకకర్త. మన భాషలోఁ బాడెను, పాడించెను అను రెండు క్రియలకుఁ గల భేదమే కాలియర్ జీవితమునందలి రెండు దశలకును గల భేదము. దీనికి మేలైన నిదర్శనము సభలలో నాతఁడు శ్రోతలచేఁ జేయించు గానము. జనసమూహమును భాగములుగా విభజించి, చేతులను బైకెత్తియుఁ గ్రిందికి దించియు నొక్కొక్క భాగమునకు స్వరము చూపును. సంగీతము నేర్వనివారును మాట యొకటియుఁ జెప్పకయే హార్మొనీగాఁ బాడుదురు. నాల్గవ సంపుటమునందలి తొలిపాట 'హండ్రెడ్ థౌజండ్ వాయిసెస్' యాత్రలలో ముద్రించిన యట్టి శ్రోతృగళములతోఁ గూర్చినది. అచట లక్షకంఠములు పాడుచుండఁగా సంకల్ప మొక్కనిది.

అయినను భాష్యదృష్టాంతము రెండువైపుల వర్తించును. రాజు సన్నిధి లేనిచో నమాత్యులే స్వతంత్రు లగుదురు. నాల్గవ సంపుటమున 'ఓవర్ యూ' యనుపాటలో దక్షిణకొరియా గాయనీబృందమగు ఎస్పాయును, ఆంగ్లగాయకుఁడు క్రిస్ మార్టినును గలరు. ఇట్టి పాటలలో నతిథులు వచ్చి తమ తమ రీతులఁ బాడి పోవుదురు; ఇంటియజమానుఁ డెచట నున్నాఁడో తెలియదు. 'ఎ రాక్ సమ్‌వేర్' అను పాట మన విద్వాంసులు ప్రత్యేకముగా వినఁదగినది. అందు అనౌష్కా శంకర్ సితారును, కర్ణాటకసంగీతవిదుషి వారిజశ్రీ వేణుగోపాల్ గాత్రమును గలవు. కదలుట గమకస్వభావము, నిలిచి కలియుట హార్మొనీస్వభావము. ఈ రెంటికిని సంధి కుదురునా యను ప్రశ్న యొక్క పాటతోఁ దీఱునది గాదు. కాని ప్రశ్న సరియైన స్థలమున నడుగఁబడినది.

ఇఁక మాతువును గూర్చి. ఇదియే కాలియర్ రచనలలో దుర్బలస్థానము. ప్రేమ, వెలుఁగు, ఇల్లు, బాల్యము అను సామాన్యపదములతో నాతఁడు తృప్తి నొందును. విశేషార్థమును జూపు పలుకుబడి యరుదు. ధాతువున నధికుఁడై మాతువున మందుఁడగువాఁడు మధ్యముఁ డని శార్‌ఙ్గదేవుని నిర్ణయము; సొంతరచనలను బట్టి కాలియరున కా స్థానమే తగును. త్యాగరాజకృతిలో మాతు వొక్కటే చదివినను మనస్సు కదలును. కాలియర్ పాటల మాతువును విడఁదీసి చదివిన నంతటి ఫలము లేదు. బ్రాండీ కార్లైల్‌తోఁ గూడి పాడిన 'లిటిల్ బ్లూ'యం దీ లోపము కనఁబడకుండుటకుఁ గారణము, అది జోలపాటవలె నల్పపదములనే కోరు రచన యగుట.

2025లో నాతఁడు 'ది లైట్ ఫర్ డేస్' అను సంపుటమును వెలువరించెను. అయిదు తంత్రుల గిటారు నొకదానిని బ్రధానముగాఁ గొని నాలుగుదినములలోఁ గూర్చిన దది. లోకమునంతయుఁ బాడించినవాఁడు మరల నల్పసాధనములకు వచ్చెను. వాద్యసంఖ్యచే స్వాతంత్ర్యమును గొలుచువారి కిది పతనముగాఁ దోఁచును. కర్తృత్వముచేఁ గొలుచువారికిఁ బదునాలుగేండ్ల సాధనకు ఫలముగాఁ దోఁచును; కరణములు తగ్గినకొలఁదిఁ గర్త స్పష్టమగును గదా.

కావున నిది సిద్ధాంతము. కాలియర్ వ్యాఖ్యాతలలో నుత్తముఁడు, ప్రయోజకకర్తలలో నసామాన్యుఁడు, వాగ్గేయకారులలో మధ్యముఁడు. నేఁడు మన తెలుఁగునాఁటను నొక్కగదిలోఁ గూర్చుండి సర్వమును దామే ముద్రించు యువకులు గలరు. వారి పాటలు వినునప్పుడు వాద్యము లెన్ని యని గాక, యా వాద్యముల నడుమఁ గర్త యెవఁ డని యడుగుట న్యాయము. ఈ విషయమున సంగీతజ్ఞులును, శాబ్దికులును దమ యభిప్రాయములను దెలుపుదురుగాక.