కాంక్రీటు చీటీ, మోటారు చట్టం

అమెరికాలో రెడీమిక్స్ లారీ డ్రైవరు ఇంటివాళ్ల చేతికిచ్చే డెలివరీ చీటీని, మన 1988 మోటారు వాహనాల చట్టాన్ని పక్కపక్కన పెట్టి చదవొచ్చు. ఒకటి అరచేతిలో పట్టే కాగితం, రెండోది లావుపాటి శాసనం. రెండూ జవాబు చెప్పాల్సిన ప్రశ్న ఒక్కటే: సరుకు దింపడానికొచ్చిన బండి ఏదైనా విరగ్గొడితే డబ్బు ఎవరివ్వాలి?

చాలా అమెరికన్ కంపెనీల చీటీల మీద ఇంచుమించు ఒకే పాఠం కనిపిస్తుంది. అది ఉత్తరంలా, కస్టమరును మర్యాదగా పలకరిస్తూ మొదలవుతుంది. ఈ బండి సైజుకీ బరువుకీ మీ ఆవరణో, పక్కవాళ్ల స్థలమో దెబ్బతినవచ్చని డ్రైవరుకు అనిపిస్తోందంటుంది. అయినా రోడ్డు అంచు దాటి లోపలికి రమ్మంటున్నది మీరే కాబట్టి, ఏం జరిగినా మాకు పూచీ లేదని సంతకం అడుగుతుంది. పక్కింటాయన దావా వేసినా ఆ ఖర్చు మీదే. చక్రాల బురద వీధిలో పడకుండా తుడవడానికి సాయం చేస్తామని కూడా ఒప్పించుకుంటుంది! రాసిన లాయరు చేయి తిరిగినవాడే. ప్రమాదం తెలిసినవాడు డ్రైవరని తానే ఒప్పుకుని, దాని భారాన్ని తెలియనివాడి నెత్తిన పెట్టాడు. పంపు గంట లెక్కన నడుస్తూ, డ్రమ్ములో కాంక్రీటు గట్టిపడుతూ ఉంటే, సంతకం పెట్టకుండా ఉండేదెవరు? పక్కింటాయన మాత్రం సంతకం పెట్టలేదు. అతని హక్కు చెక్కుచెదరదు.

మన చట్టంలో ఈ తెలివీ లేదు, ఈ మొహమాటమూ లేదు. మూడో వ్యక్తి ఆస్తికి నష్టం జరిగితే 165, 166 సెక్షన్ల కింద ట్రిబ్యునలుకు వెళ్లవచ్చు. రెండువేల రూపాయలు దాటితే సివిల్ కోర్టును ఎంచుకోవచ్చు. 147వ సెక్షనులో తప్పనిసరి బీమా పరిమితి మొదట 6,000 రూపాయలు. పాత టారిఫ్‌లో వాణిజ్య వాహనాలకు ఏడున్నర లక్షల దాకా రక్షణ ఉన్నా, ప్రీమియం తగ్గించుకోవాలనుకునే యజమాని ఆ ఆరువేల దగ్గరే ఆగిపోగలిగేవాడు. 2019 సవరణ ఆ అంకెను చట్టంలోంచి తీసేసింది.

నన్ను ఎక్కువ ఇబ్బంది పెట్టేది వేరే సంగతి. తప్పెవరిదని అడగకుండా పరిహారమిచ్చే సెక్షన్లన్నీ ప్రాణానికీ శరీరానికే. ప్రాణం ముందు అనడంలో న్యాయముంది. కానీ గోడ కూలినవాడు డ్రైవరు నిర్లక్ష్యాన్ని తానే రుజువు చేయాలి. హైదరాబాదు కాలనీల్లో చూడండి: ఇంటిముందు ర్యాంపు, దాని కింద సంపు, పైన పల్చటి స్లాబు. ఘనమీటరు కాంక్రీటే సుమారు 2,400 కిలోలు. ఆరు ఘనమీటర్ల రెడీమిక్స్ లారీ, బండి బరువు పక్కన పెట్టినా, పద్నాలుగు టన్నులు మోసుకొస్తుంది. మేస్త్రీ వెనక నిలబడి "రానీ, రానీ" అంటాడు. పక్కింటి సంపు మూత కుంగుతుంది. మేస్త్రీ రమ్మన్నాడని డ్రైవరు, ఓనరు తొందరపెట్టాడని మేస్త్రీ, బండి తనది కాదు అద్దెదని సప్లయరు. అదే చక్రం ప్రహరీ దాటాక కుంగితే, బీమా కంపెనీ అది బహిరంగ స్థలమేనా అన్న వాదన ఎత్తవచ్చు. అధిక లోడుకు 194వ సెక్షను కింద 20,000, ఆపై ప్రతి అదనపు టన్నుకు 2,000 జరిమానా ఉంది. అది ఖజానాకు పోతుంది, సంపు ఓనరుకు కాదు.

చీటీ అన్యాయమే అయినా, బండి లోపలికి రాకముందే ప్రమాదం మాట ఎత్తుతుంది. మన చట్టం న్యాయంగానే ఉంటుంది, కుంగాక వస్తుంది. నాకు ఈ రెంటికన్నా బ్రిటన్ 1980 హైవేస్ చట్టం 133వ సెక్షను నచ్చుతుంది. పక్క స్థలంలో పని వల్ల కాలిబాట పాడైతే, రోడ్ల అధికారులు ముందు బాగుచేసి, ఖర్చును ఆ స్థలం యజమాని నుంచో, పాడుచేసినవాడి నుంచో రాబట్టుకోవచ్చు. ఇల్లు కడుతున్నవాడు ఎటూ పారిపోడు. అయితే అది ప్రభుత్వ కాలిబాటకే వర్తిస్తుంది. పక్కింటి సంపుకు అక్కడా ఆ సెక్షను అక్కరకు రాదు.