కిలోవాట్లు చూసి గేర్‌బాక్స్ కొనకండి

ప్లానెటరీ గేర్‌బాక్స్ మూత తీస్తే ముందు కంటికి ఆనేది చోటు పొదుపు. నడిమధ్య సన్ గేర్, చుట్టూ మూడు ప్లానెట్లు, వాటిని చుట్టుకుని లోపలివైపు పళ్ళున్న రింగ్. సన్‌కి 18 పళ్ళు, రింగ్‌కి 108 అనుకుందాం. రింగ్‌ని బిగించేస్తే 108ని 18తో భాగించి ఒకటి కలిపినంత, అంటే 7 రేషియో. ప్లానెట్‌కి 45 పళ్ళు పడతాయి. 18, 108 కలిపిన 126 మూడుతో నిశ్శేషంగా పోతుంది కాబట్టే మూడు ప్లానెట్లూ సమదూరంలో కూర్చుంటాయి. భారం మూడు చోట్ల పంచుకోబట్టే చిన్న డబ్బాలో అంత టార్క్ ఇముడుతుంది. కానీ ఆ పంపకం కాగితం మీద ఉన్నంత తేలిక కాదు. క్యారియర్‌లో పిన్ను రంధ్రం కొన్ని మైక్రాన్లు పక్కకి జరిగినా ఒక ప్లానెట్ అదనపు బరువు మోస్తుంది, తక్కినవి ఊరికే తిరుగుతాయి. దీనికి విరుగుడుగా సన్‌కి బేరింగే పెట్టకుండా, మూడింటి నడుమ తన చోటు తనే వెతుక్కునేలా వదిలేశారు. జర్మన్ ఇంజనీరు విల్‌హెల్మ్ స్టోకిష్ట్ ఇంకో అడుగు వేసి రింగ్‌ని కూడా కాస్త వంగనిచ్చాడు. గట్టిగా పట్టుకోవాల్సిన చోట వదిలేయడానికి ఎంత గుండె కావాలి! 1781లో జేమ్స్ వాట్ సన్-ప్లానెట్ గేరుకి పేటెంటు తీసుకున్న మాట అందరూ చెబుతారు గానీ, అసలు విద్య మాత్రం ఈ వదిలేయడంలోనే ఉంది.

ఇంతటి పనితనాన్ని మనవాళ్ళు కొనే తీరు చూస్తే కడుపు మండుతుంది. ‘రెండు కిలోవాట్ల సర్వో, రేషియో ఏడు, ఫ్లేంజ్ ఇంత’ అంటారు, ఆర్డరు వెళ్ళిపోతుంది. మోటారు ఎంత ఇస్తుందో చూశారు గానీ యాక్సిస్ ఏమడుగుతోందో చూడలేదు. ఒక ర్యాక్-పినియన్ గ్యాంట్రీనే తీసుకోండి: 200 కిలోల బండి, 30 మి.మీ. వ్యాసార్ధం ఉన్న పినియన్, సెకనుకి 1.5 మీటర్ల వేగం, సెకను వర్గానికి 5 మీటర్ల త్వరణం. ఘర్షణతో కలిపి 1,100 న్యూటన్లు, అంటే పినియన్ దగ్గర 33 న్యూటన్ మీటర్లు. పినియన్ తిరిగేది దాదాపు 477 ఆర్‌పీఎం. రేషియో 5 అయితే మోటారు 2,400 దగ్గర నడుస్తుంది, 7 అయితే 3,340 దగ్గర. అంత తేడాకే లోడు జడత్వం మోటారు కంటికి సగమైపోతుంది, ఎందుకంటే అది రేషియో వర్గంతో తగ్గుతుంది. అందుకని నా ఓటు ఏడుకే. అయితే లెక్క ఇక్కడితో ఆపినవాళ్ళే మునుగుతారు. ఎమర్జెన్సీ స్టాప్‌లో బండి 20 మీటర్ల రుణత్వరణంతో ఆగాలంటే అదే పినియన్ మీద సుమారు 120 న్యూటన్ మీటర్లు పడతాయి. రోజూ 33 మోసేది ఆ ఒక్క క్షణం దాదాపు నాలుగింతలు మోయాలి. మంచి కంపెనీ క్యాటలాగులో అందుకే నామినల్ టార్క్, త్వరణపు టార్క్, ఎమర్జెన్సీ టార్క్ అని మూడు అంకెలు విడివిడిగా ఉంటాయి. మూడోది బాక్స్ జీవితకాలంలో ఇన్నిసార్లే అని షరతు కూడా ఉంటుంది. ఆపై పినియన్ షాఫ్ట్‌ని పక్కకి నెట్టే బలం ఎంత, బాక్స్ ఆగకుండా తిరుగుతుందా, ఆగి ఆగి తిరుగుతుందా అన్నదీ చూడాలి. ఆగకుండా తిరిగేదానికి టార్క్ కన్నా ముందు వేడే హద్దు గీస్తుంది.

బ్యాక్‌లాష్, అంటే పళ్ళ మధ్య వదులు, విషయంలో మాత్రం మంచి బాక్సే కొనాలనే నా పక్షం వాళ్ళనే నేను తప్పుపట్టాలి. ఒక ఆర్క్ మినిట్ అంటే మీటరు పొడవు చేయి చివర 0.29 మి.మీ. మూడు ఆర్క్ మినిట్ల ప్లే ఉంటే రోటరీ టేబుల్ చేయి చివర దాదాపు 0.9 మి.మీ. తప్పుతుంది. అదే మూడు ఆర్క్ మినిట్లు ఆ గ్యాంట్రీ పినియన్ దగ్గర 0.026 మి.మీ. మాత్రమే. అంటే గ్యాంట్రీకి ఒక ఆర్క్ మినిట్ బాక్స్ కొనడం డబ్బు దండగ. ఆ డబ్బు టోర్షనల్ స్టిఫ్‌నెస్ మీద పెట్టడం మేలు, లోడు పడ్డప్పుడు షాఫ్ట్ మెలిపడడం బ్యాక్‌లాష్‌లో కనబడదు కదా.

ఇక నకళ్ళ సంగతి. విటెన్‌స్టైన్, స్టోబర్, నాయ్‌గార్ట్ లాంటి వాళ్ళ బాక్సుల పక్కన అదే ఫ్లేంజ్, అదే షాఫ్ట్, అదే రంగుతో సగం ధరకి దొరికేవి వస్తున్నాయి. బోల్టు రంధ్రాలు అచ్చంగా కలుస్తాయి, అదే పెద్ద మోసం. నేమ్‌ప్లేట్ మీద ఒకే ఒక్క టార్క్ అంకె ఉంటుంది. అది నామినలా, ఎమర్జెన్సీనా, ఎన్ని గంటల బేరింగ్ లైఫ్ మీద ఇచ్చిందో, ఎవరూ చెప్పరు, అడిగినవాడూ లేడు. కార్బరైజ్ చేసి గ్రైండ్ చేసిన పన్నుకీ, పైపైన గట్టిపరిచిన పన్నుకీ తేడా మొదటి నెలలో తెలియదు. నిమిషానికి పదుల సార్లు దిశ మార్చే ప్యాకింగ్ లైన్ మీద పెట్టాక ప్లే పెరుగుతూ పోతుంది, ఆపరేటర్ సర్వో గెయిన్ తగ్గిస్తూ పోతాడు, లైను నెమ్మదిస్తుంది, నింద ప్రోగ్రాం రాసినవాడి మీద పడుతుంది.

చవకవి అస్సలు పనికిరావనడం అన్యాయం. ఒకే దిశలో తిరిగే కన్వేయర్‌కి పన్నెండు ఆర్క్ మినిట్ల బాక్స్ హాయిగా చాలు. డైరెక్ట్ డ్రైవ్ వచ్చాక గేరే అక్కర్లేదనే వాళ్ళు కూడా ఉన్నారు. కొన్ని టేబుళ్ళకి నిజమే గానీ, గేరు లేకుండా అంత టార్క్ తెచ్చే మోటారు బరువూ ధరా చూశాక మాట్లాడమనండి. ‘ఎందుకైనా మంచిదని ఒక సైజు పెద్దది’ వేసుకుందామంటే, పెద్ద బాక్స్ తన జడత్వాన్నీ, నూనె చిలికే వేడినీ వెంటబెట్టుకొస్తుంది. కదలిక చక్రం, అంటే ఎంతసేపు ఎంత టార్క్‌తో ఎంత వేగంగా అన్న పట్టిక, ఒక్కటే సైజు తేల్చగలదు.

బాలానగర్, జీడిమెట్ల షెడ్లలో యంత్రాలు కట్టేవాళ్ళని, వాటిని కొనే పర్చేజ్ సెక్షన్లని నేను కోరేది ఇంతే. కొటేషన్‌తో పాటు ఆ పట్టిక పంపండి. జవాబులో మూడు టార్కులూ విడిగా రాయమనండి. బ్యాక్‌లాష్‌ని ఇన్‌పుట్ బిగించి ఔట్‌పుట్ మీద ఎంత టార్క్‌తో కొలిచారో రాతపూర్వకంగా అడగండి. రాసివ్వలేనివాడి పేరు, ధర ఎంత తక్కువైనా, జాబితాలోంచి కొట్టేయండి.