సూచీలోకి ఎవరొచ్చారు, ఎవరు పోయారు

సెన్సెక్స్ ఎన్ని పాయింట్ల దగ్గర ముగిసిందో రోజూ చూసే అలవాటు నాకు పోయింది. నిఫ్టీ 50లో మార్పుచేర్పుల ప్రకటన వస్తే మాత్రం పేరు పేరునా చదువుతాను. మామూలుగా ఏడాదికి రెండుసార్లు, మార్చి, సెప్టెంబరు నెలాఖర్లలో అవి అమల్లోకొస్తాయి. ఇరవై ఏళ్ల కోసం డబ్బు పెట్టేవాళ్లకు అసలు వార్త అదేనని నా అభిప్రాయం.

1986లో సెన్సెక్స్ మొదలైనప్పుడు అందులోని ముప్పై కంపెనీల్లో అంబాసిడర్ కార్లు చేసే హిందుస్థాన్ మోటార్స్ ఉంది, ప్రీమియర్ ఆటోమొబైల్స్ ఉంది. ఆ కార్లిప్పుడు పాత సినిమాల్లో కనిపిస్తాయి. 1978-79 నాటి విలువను 100 అనుకుని లెక్కగట్టే సూచీ మాత్రం వందల రెట్లయింది. మంచి షేర్లు కొని బీరువాలో పడేసి మరిచిపొమ్మని చెప్పేవాళ్లు దీన్నే సాక్ష్యంగా చూపిస్తారు. సూచీ ఏనాడూ అలా మరిచిపోయి కూర్చోలేదు.

మన సత్యం కంప్యూటర్స్ సంగతే తీసుకోండి. 2009 జనవరి 7న లెక్కల్లో మోసం ఒప్పుకుంటూ దాని ఛైర్మన్ రామలింగరాజు రాసిన ఉత్తరం బయటపడ్డాక, 179 రూపాయల దగ్గరున్న షేరు సాయంత్రానికి 40కి దిగింది. ఆ దెబ్బ సూచీకీ తగిలింది. అప్పటికి సత్యం అందులోనే ఉంది కదా. కానీ వెంటనే దాన్ని తీసేసి సెన్సెక్స్‌లో సన్ ఫార్మాను కూర్చోబెట్టారు. సత్యం ఒక్కదాన్నే నమ్ముకున్నవాళ్లకు ఆ పని చేసిపెట్టేవాళ్లు ఎవరున్నారు? సూచీని అనుసరించే ఇండెక్స్ ఫండ్‌లో మనం కొనేది కంపెనీలతోపాటు ఈ నిర్దాక్షిణ్యాన్ని కూడా.

ఇంకో చిక్కుంది. కంపెనీ ఎంత పెద్దదైనా, ప్రమోటర్ల చేతిలో ఉన్న వాటా లెక్కలోకి రాదు. బజారులో చేతులు మారగల షేర్లకే తూకం. 2022లో ఎల్ఐసీ లిస్టయినప్పుడు ప్రభుత్వం అమ్మింది మూడున్నర శాతమే. ఇంటింటా పాలసీలున్న అంత పెద్ద సంస్థ ఈ తూకంలో చిన్నదే అవుతుంది.

టీవీలో చూపించే అంకెలో డివిడెండ్లు ఉండవు. నిఫ్టీలో అవి ఏటా ఒకటీ ఒకటిన్నర శాతం. ఇరవై ఏళ్లకు చక్రవడ్డీలా పెరిగితే తక్కువేం కాదు. అందుకే ఫండ్ పనితీరును డివిడెండ్లు కలిపిన టోటల్ రిటర్న్ సూచీతోనే పోలుస్తాను.

ఇంత చెప్పినా, కంపెనీలను మార్చుకుంటూ పోతే సూచీ పెరిగి తీరుతుందని కాదు. జపాన్ నిక్కీలోనూ కంపెనీలు మారుతూనే వచ్చాయి. 1989 డిసెంబరులో అది చేరిన ఎత్తు మళ్లీ కనిపించింది 2024 ఫిబ్రవరిలో. ఆ శిఖరం మీద ఉన్నదంతా ఒకేసారి పెట్టినవాళ్లకు, ఆ ముప్పై నాలుగేళ్లలో చేతికందింది డివిడెండ్లే. నెలనెలా కొంచెం కొంచెం కొంటూ పోయినవాళ్ల లెక్క వేరు. వాళ్లకు ఎక్కువ షేర్లు దొరికింది ధర పాతాళంలో ఉన్న ఏళ్లలోనే.