వెలుగుకు ముందు తుడుపు

మార్నింగ్ షోకి గంట ముందే ప్రొజెక్టర్ గదిలో ఆపరేటర్ పని మొదలవుతుంది. మెయిన్ ఆపి, ముఖానికి షీల్డు, చేతులకు గ్లవ్స్ తొడుక్కుని ల్యాంప్‌హౌస్ తలుపు తీస్తాడు. జెనాన్ ల్యాంపుతో పరాచికాలు పనికిరావు. చల్లగా ఉన్నప్పుడూ లోపలి గ్యాసు పీడనం బయటి గాలికి ఎన్నో రెట్లు. చేయి జారిందా, బాంబే!

2 కిలోవాట్ల ల్యాంపుకు అందేది దాదాపు 25 వోల్టులే గానీ, కరెంటు మాత్రం 80 ఆంపియర్లు. అదంతా కొసలకున్న లోహపు టోపీల గుండానే పోవాలి. వేడికి వాటి మీద ఆక్సైడు పొర కడుతుంది. పొర కరెంటుకు అడ్డం, అడ్డానికి మరింత వేడి, వేడికి మరింత పొర. టోపీకి కేబుల్ కలిసే జాయింటులో ఓమ్‌లో నూరో వంతు రెసిస్టెన్సు ఉన్నా 64 వాట్లు అక్కడే వేడైపోతాయి. అంటే, ఒక సోల్డరింగ్ ఐరన్‌ని టోపీకి కట్టి వదిలేసినట్టు!

అందుకే ఆ తుడుపు. సన్నటి స్క్రబ్బరుతో నల్లదనం పోయేదాకా మెల్లగా రుద్దుతాడు. పొడి రిఫ్లెక్టరు మీద రాలకుండా కింద గుడ్డ పరుస్తాడు. ఆల్కహాల్‌తో తుడిచి ఆరనిస్తాడు. కేబుల్ బిగించేటప్పుడు రెండో చేత్తో టోపీని పట్టుకుంటాడు, మెలి గాజు దాకా పోకుండా. ల్యాంపు క్వార్ట్జ్ గాజు మీద వేలిముద్ర పడనివ్వడు. పడితే ఆ మరకే వేడికి గాజును చెడగొడుతుంది.

తర్వాత తెర మీద హీరో నడిచొస్తాడు, హాలంతా ఈలలు. వెలుగు ఒక్కసారీ వణకదు. అదే ఆపరేటర్‌కి పడిన ఈల.